సేవాకేంద్రం సర్వరు సంగతి
(2025 డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు విశేషం మీకు తెలియనిది కాదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది సర్కారువారు దయతలచి వేసే దానం కాదని, ఉద్యోగికి న్యాయంగా రావలసిన హక్కని తేల్చి చెప్పింది. ఆ తీర్పు గురించి నాకన్న బాగా చెప్పగలిగిన పెద్దలు ఈ వేదికమీదే ఉన్నారు కనుక నేను దాని జోలికి పోను. కార్యదర్శిగారు నాకు అప్పగించిన పని వేరు. "పోయినేడాది కొత్త కంప్యూటరుకోసం చందాలు వసూలు చేశాం. కంప్యూటరు కొనలేదు. డబ్బు ఏమైందని జనం అడుగుతున్నారు. అడ్డుపడింది మీరే కాబట్టి మీరే చెప్పండి" అన్నారు. న్యాయమైన మాటే. ఇరవై నిమిషాలు ఓపిక పట్టమని మనవి.

ముందే ఒక సంగతి చెప్పుకోవాలి. నేను కంప్యూటరు చదివినవాణ్ణి కాను. జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయే సాంకేతిక విషయాలు మా మనవరాలు ఫోనులో చెప్పినవి. ఆ అమ్మాయి బెంగుళూరులో ఇదే పని చేస్తుంది. నేను వాటిని మన ఆఫీసు భాషలోకి మార్చుకుని అర్థం చేసుకున్నాను.

మన సేవాకేంద్రంలో వెనక గదిలో ఒక కంప్యూటరు ఉన్నది. దాన్నే సర్వరు అంటున్నాం. సభ్యుల పి.పి.ఓ. నంబర్లు, బ్యాంకు వివరాలు, ఎవరి కాగితం ఎక్కడున్నదనే సమాచారం అంతా అందులో ఉంటుంది. ముందు హాల్లో ఐదు కౌంటర్లు, ఐదు లాప్‌టాపులు. ప్రతి లాప్‌టాపుకీ వెనక గదినుంచి ఒక తీగ. వచ్చినవారికి టోకెను ఇవ్వటం, గోడమీద బోర్డులో నంబరు చూపించటం, వివరాలు తీయటం అన్నీ ఆ సర్వరు ద్వారానే. ఈ ప్రోగ్రాం రాసిపెట్టినది మన సభ్యుల్లో ఒకరి తమ్ముడి కొడుకు. అప్పటికి కాలేజీ కుర్రవాడు. ఒక్క పైసా పుచ్చుకోలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తరవాత చెప్పబోయే తప్పులు విని ఎవరూ ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టకూడదు. ముఫ్ఫై ఆరేళ్ళ సర్వీసులో నేను పెట్టిన నోట్లలో ఇంతకన్న పెద్ద తప్పులే దొర్లాయి.

2024 నవంబరు. లైఫ్ సర్టిఫికెట్ల రద్దీ. పొద్దున తొమ్మిదిన్నరకు మొదలుపెడితే పదకొండు దాకా బ్రహ్మాండంగా నడిచేది. మధ్యాహ్నమయ్యేసరికి మీట నొక్కితే అర నిమిషానికిగాని పేరు వచ్చేది కాదు. మూడు గంటలకు పూర్తిగా స్తంభించేది. వెనక గదిలో ఫాను హోరు హాల్లోకి వినబడేది. పెట్టె మీద చెయ్యి వేస్తే చురుక్కుమనేది. కరెంటు పోతే యు.పి.ఎస్. గంట నిలవవలసింది ఇరవై నిమిషాలకే చేతులెత్తేసేది. ఆపి మళ్ళీ పెడితే మరో రెండు గంటలు బాగుండేది. కాబట్టి రోజుకు రెండుసార్లు ఆపి పెట్టటం ఒక ఆచారమైపోయింది.

ఆ నెల 28న, నాలుగవుతుండగా ఒకావిడ వచ్చింది. కుటుంబ పెన్షనరు. పల్లెటూరినుంచి ఒక్కతే వచ్చింది. నా కౌంటరు దగ్గరకు వచ్చేసరికి సర్వరు ఆగిపోయింది. "సర్వరు పని చేయటం లేదమ్మా, రేపు రండి" అన్నాను. ఆవిడ మారు మాట్లాడలేదు. ఆఖరు బస్సు వేళ అయింది, వెళ్ళిపోయింది. ఆ మర్నాడు జ్వరం తగిలి రాలేకపోయింది. మళ్ళీ ఆవిడ వచ్చినది డిసెంబరు 26న. ఆ నెల పెన్షను పడలేదు. జనవరిలో బకాయితో కలిపి వచ్చింది. వచ్చిందిగా అనవచ్చు. ఆ మధ్య నెల మందులకు ఆవిడ ఎవరి దగ్గర చెయ్యి చాపిందో నేను అడగలేదు.

ఒక కాగితం మీద ఆవిడ నంబరు రాసుకుని, పక్క గదిలో వేలిముద్ర వేయించి పంపితే సరిపోయేది. ఆ పనికి మన సర్వరుతో నిమిత్తమే లేదు. కేవలం టోకెను లేదని పంపేశాను. కౌంటరు వెనక కూర్చున్న అలవాటు. ఆ రోజుల్లో "ఆఫీసరుగారు క్యాంపులో ఉన్నారు, రేపు రండి" అనేవాణ్ణి. ఇప్పుడు ఆఫీసరు స్థానంలో సర్వరు వచ్చింది. అంతే తేడా.

డిసెంబరు కార్యవర్గ సమావేశంలో కొత్త సర్వరు కొనాలని తీర్మానం వచ్చింది. కొటేషను తొంభై రెండు వేలు. మనిషికి ఐదు వందలు చొప్పున 86 మంది దగ్గర 43,000 వసూలయింది కూడాను. నేను ఆ తీర్మానంపై అసమ్మతి నోటు రాశాను. కొందరు మిత్రులకు కోపం వచ్చింది. "నీకు కంప్యూటరు గురించి ఏం తెలుసు?" అన్నారు. ఏమీ తెలియదు. కాని ఇంతకుముందు రెండేళ్ళు ఇదే పెట్టె ఇంతమందికీ పని చేసింది. అప్పుడు మూడు కౌంటర్లు ఉన్నాయి, ఇప్పుడు ఐదు. మూడు ఐదయితే పని రెట్టింపు కూడా కాలేదు. అటువంటప్పుడు పొద్దున బాగుండి మధ్యాహ్నం ఎందుకు చతికిలబడుతున్నదో తెలుసుకోకుండా డబ్బు పెట్టటం, ఫైలు చదవకుండా సంతకం పెట్టటమే. కారణం కనుక్కోవటానికి నెల రోజులు గడువు అడిగాను. అధ్యక్షులవారు దయతో ఇచ్చారు.

మనవరాలికి ఫోను చేశాను. "తాతయ్యా, ముందు చూడు, తరవాత ఊహించు" అన్నది. ఆ కంప్యూటరు లైనక్స్ మీద నడుస్తుంది. టాప్ అని టైపు చేసి ఎంటరు కొడితే ఏ ప్రోగ్రాం ప్రాసెసరును ఎంత వాడుతున్నదో వరసగా కనబడుతుంది. అరగంటకొకసారి మన ప్రోగ్రాం ఎదురుగా ఉన్న అంకెను ఒక నోటుబుక్కులో వేసుకోమంది. ఈ పని మటుకు నాకు చెప్పనక్కరలేదు. తేదీ, వేళ, అంకె, విశేషాలు అని నాలుగు గళ్ళు గీశాను.

మొదటిరోజే చిక్కు వచ్చింది. పొద్దున సర్వరు పెట్టగానే 100 శాతం. పదకొండున్నరకు 200. రెండు గంటలకు 400. నూటికి నాలుగు వందలు ఏమిటి? మన కాలంలో ఇటువంటి లెక్క పంపితే ఆడిటువారు అభ్యంతరం రాసి తిప్పి పంపేవారు. మనవరాలు నవ్వి, "ప్రాసెసరులో నాలుగు కోర్‌లున్నాయి తాతయ్యా. ఒక్కొక్క కోర్ వంద. నాలుగూ నిండితే నాలుగు వందలు" అన్నది.

దీన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. సెక్షనులో నాలుగు కుర్చీలు, నాలుగు బల్లలు ఉన్నాయి. అవి కోర్‌లు. గుమాస్తాలు మాత్రం చాలామంది. ఆ గుమాస్తాలనే థ్రెడ్లు అంటారు. మన ప్రోగ్రాం ఒక్కొక్క కౌంటరుకు ఒక్కొక్క గుమాస్తాను కేటాయిస్తుంది. లాప్‌టాపు తీగ కలిపిన ప్రతిసారీ ఒక కొత్త గుమాస్తా. నాలుగే కుర్చీలుంటే అంతమంది ఎలా? కౌంటరునుంచి కబురు రానంతసేపు గుమాస్తా వరండాలో బల్లమీద కూర్చుని కునుకు తీస్తాడు. కుర్చీ అక్కరలేదు. కబురు రాగానే లేచివచ్చి, ఖాళీ కుర్చీలో కూర్చుని, పని ముగించి, మళ్ళీ వరండాలోకి పోతాడు. పని క్షణంలో వెయ్యోవంతులో అయిపోతుంది. కాబట్టి నాలుగు కుర్చీలతో వందలమంది గుమాస్తాలను నడిపించవచ్చు. ఐదుగురు ఒక లెక్కా?

అంటే మన ఐదు కౌంటర్లకు ఆ కుర్చీలు ఎప్పుడూ దాదాపు ఖాళీగా ఉండాలి. నాలుగూ నిండాయంటే ఎవడో పని లేకుండా కుర్చీలో కూర్చున్నాడన్నమాట.

నోటుబుక్కు పది రోజులు నింపాను. అంకె నిదానంగా పెరగటం లేదు. మెట్లెక్కినట్టు పెరుగుతున్నది. 100, తరవాత ఒక్కసారిగా 200, తరవాత 300. మధ్యలో 140, 170 అనేవి ఎన్నడూ లేవు. రద్దీకి, అంకెకు పొంతన కూడా లేదు. జనం కిటకిటలాడుతున్న పదిన్నరకు 100, హాలు ఖాళీ అయిన భోజనాల వేళకు 300. ఇది చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పనివల్ల పెరిగేదయితే పని ఉన్నప్పుడు పెరగాలి గదా!

విశేషాల గడిలో నేను అలవాటు కొద్దీ ఎవరు టీకి వెళ్ళారు, ఎవరు భోజనానికి వెళ్ళారు అని రాస్తూ వచ్చాను. హాజరుపట్టీ చూసిన చెయ్యి, ఊరుకోదు. పదకొండో రోజున రెండు గళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తే కనబడింది. ఎవరో ఒకరు కౌంటరు మూసి లేచిన ప్రతిసారీ అంకె వంద పెరుగుతున్నది!

ఇందులో ఇంకో వింత ఉన్నది. మన కోశాధికారిగారు పద్ధతిగల మనిషి. లేచేటప్పుడు ప్రోగ్రామును శుభ్రంగా మూసి, లాప్‌టాపు మూసి, గుడ్డ కప్పి వెళతారు. ఆయన లేచిన ప్రతిసారీ వంద పెరిగింది. నేను మొరటువాణ్ణి. ప్రోగ్రాం మూయకుండానే తీగ పీకి, లాప్‌టాపు సంచీలో పడేసుకుని పోయేవాణ్ణి. నేను లేచినప్పుడు ఒక్కసారి కూడా పెరగలేదు. ఈ సంగతి చెబితే కోశాధికారిగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మనవరాలికి చెప్పగానే ఫోనులో ఒక్క క్షణం నిశ్శబ్దం. "తాతయ్యా, దొరికింది" అన్నది. అప్పుడు టాప్ తెర మీద పెద్ద హెచ్ అక్షరం నొక్కించింది. ప్రోగ్రాం మొత్తం అంకె పోయి, గుమాస్తా వారీగా అంకెలు వచ్చాయి. అందులో ముగ్గురు నూటికి నూరు వాడుతున్నారు. మిగతావాళ్ళంతా సున్నా. ఆ ముగ్గురిలో ఒకడి నంబరు పట్టుకుని, ఎస్‌ట్రేస్ అనే మరో ఆజ్ఞ ఇప్పించింది. అది ఆ గుమాస్తా లోపల ఏం చేస్తున్నాడో వరసగా రాసి చూపిస్తుంది. తెర మీద వరసలు ధారగా పారాయి. అన్నీ ఒకే వరస. "కబురు అందుకో" అని అడగటం, "సున్నా" అని జవాబు రావటం. మళ్ళీ అడగటం, మళ్ళీ సున్నా. క్షణానికి వేలసార్లు.

ఇక్కడ కాస్త నిదానిస్తాను. ఇదే అసలు విషయం.

టెలిఫోనులో మనం మాట్లాడుతున్నాం అనుకోండి. అవతలివారు మాట్లాడకుండా ఉంటే మనం వింటూ కూర్చుంటాం. ఇది ఒక స్థితి. అవతలివారు "ఉంటానండీ" అని రిసీవరు పెట్టేస్తే ఇంకొక స్థితి. మనం కూడా పెట్టెయ్యాలి. సర్వరులో గుమాస్తా కబురుకోసం అడిగినప్పుడు, అవతలివైపు ఏమీ పంపకపోతే అక్కడే నిద్రలోకి పోతాడు. జవాబే రాదు. అవతలివైపు మర్యాదగా మూసేస్తే మాత్రం, "సున్నా అక్షరాలు" అని వెంటనే జవాబు వస్తుంది. ఆ సున్నాకు అర్థం "ఇంకేమీ రాలేదు" అని కాదు, "ఇక రాదు, వారు పెట్టేశారు" అని. మన కుర్రవాడు రాసిన ప్రోగ్రాంలో, లోపం వస్తే, అంటే సున్నాకన్న తక్కువ వస్తే, గుమాస్తాను ఇంటికి పంపమని ఉన్నది. సున్నా వస్తే ఏం చెయ్యాలో రాయలేదు. దాంతో గుమాస్తా "ఏమీ లేదు కాబోలు" అనుకుని మళ్ళీ అడుగుతాడు. వెంటనే సున్నా. నిద్రపోయే వీలే లేదు. పెట్టేసిన ఫోను పట్టుకుని హలో హలో అంటూ సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుంటాడు. కోశాధికారిగారు టీ తాగి వచ్చి మళ్ళీ తెరిస్తే ఆయనకు కొత్త గుమాస్తా వస్తాడు. పాతవాడు హలో అంటూనే ఉంటాడు.

మరి నేను తీగ పీకితే ఎందుకు పెరగలేదు? నేను మర్యాదగా వీడ్కోలు చెప్పలేదు కాబట్టి. సర్వరుకు సంగతి తెలియదు. నా గుమాస్తా నేను తిరిగి వస్తాననుకుని వరండాలో నిద్రపోతూనే ఉన్నాడు. అది కూడా తప్పే. అటువంటివాళ్ళు వందలు పోగయితే వరండా నిండిపోతుంది. కాని కుర్చీ ఆక్రమించరు.

ఇప్పుడు మధ్యాహ్నానికి ఏమవుతున్నదో ఊహించుకోండి. నాలుగు కుర్చీలకు ఏడెనిమిది మంది హలో గుమాస్తాలు. సర్వరులో పెత్తనం చేసే కెర్నెల్ అనేది సూపరింటెండెంటులాంటిది. పక్షపాతం లేదు. అందరికీ కొద్ది మిల్లీసెకన్ల చొప్పున వంతులు వేస్తుంది. ఒకణ్ణి లేపి మరొకణ్ణి కూర్చోబెట్టేటప్పుడు చార్జి అప్పగింత జరగాలి. ఎక్కడిదాకా పని చేశాడో రాసిపెట్టి, కొత్తవాడి కాగితాలు బల్లమీద పరచాలి. బదిలీల సీజనులో ఈ అప్పగింతలకు ఎంత కాలం పోయేదో మనకు తెలుసు. పైగా నాలుగు కోర్‌లూ విరామం లేకుండా తిరిగేసరికి ప్రాసెసరు వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే తన్ను తాను కాపాడుకోవటానికి వేగం తగ్గించుకుంటుంది. మన వెనక గదిలో కిటికీ లేదు. పెట్టెలో మూడేళ్ళ దుమ్ము. అందుకే ఆ ఫాను హోరు, అందుకే యు.పి.ఎస్. ఇరవై నిమిషాలకే పడిపోవటం.

తొంభై రెండు వేలు పెట్టి ఎనిమిది కోర్‌ల యంత్రం కొంటే ఏమయ్యేది? కుర్చీలు ఎనిమిదయ్యేవి. హలో అనేవాళ్ళు వాటిని కూడా నింపేవాళ్ళు. రెండు టీ విరామాలు ఎక్కువ పట్టేది, అంతే.

కుర్రవాడికి కబురు పెట్టాము. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. ఆదివారం వచ్చాడు. పాపం, చాలా నొచ్చుకున్నాడు. మొదట అతను చెప్పిన మందు ఏమిటంటే, ప్రతిసారీ అడిగిన తరవాత సెకనులో వందోవంతు నిద్రపొమ్మని గుమాస్తాకు చెబుదామని. చేసి చూపించాడు కూడా. అంకె వెంటనే పడిపోయింది! అందరం చప్పట్లు కొట్టబోయాం. మా మనవరాలు ఫోనులోనుంచి ఒప్పుకోలేదు. "తాతయ్యా, అది నొప్పి బిళ్ళ. హలో అనేవాడు పోలేదు, కాస్త మెల్లగా అంటున్నాడు. వాళ్ళు పోగవుతూనే ఉంటారు. పైగా నిజంగా పనున్న గుమాస్తా కూడా ప్రతిసారీ ఊరకే నిద్రపోయి ఆలస్యం చేస్తాడు" అన్నది. ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. నాకు సగం అర్థం కాలేదు. చివరకు కుర్రవాడే నవ్వి ఆ నిద్ర వరస కొట్టేశాడు. సున్నా వస్తే లైను మూసి గుమాస్తాను పంపెయ్యమని రాశాడు. రెండు వరసలు. తీగ పీకే నా బోటివాళ్ళకోసం కూడా ఒక ఏర్పాటు చేశాడు. ఎంతోసేపు ఉలుకూ పలుకూ లేకపోతే సర్వరే "ఉన్నారా?" అని అడిగి, జవాబు రాకపోతే మూసేస్తుంది.

మెట్లు పోయాయి. కాని పొద్దున పెట్టగానే వచ్చే ఆ మొదటి 100 మాత్రం పోలేదు. అది వేరే కథ.

గోడమీద టోకెను బోర్డు చూసే గుమాస్తా ఒకడున్నాడు. కౌంటరువారు టోకెను పిలిస్తే ఆ నంబరు ఒక జాబితాలో పడుతుంది. ఇతను దాన్ని తీసి బోర్డుకు పంపాలి. ఇతనికి ఇచ్చిన ఉత్తర్వు: జాబితా చూడు, ఏమీ లేకపోతే మళ్ళీ చూడు. ఎన్నిసార్లు అని లేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా క్షణానికి లక్షలసార్లు చూస్తున్నాడు. రోజంతా కలిపి పిలిచే టోకెన్లు నూట యాభై! పైగా ఆ జాబితాకు ఒకటే తాళం. ఇతను చూసిన ప్రతిసారీ తాళం తీసి, చూసి, వేస్తాడు. ఆ సమయంలో టోకెను వెయ్యటానికి వచ్చిన కౌంటరు గుమాస్తా తలుపు దగ్గర నిలబడాలి. పని లేనివాడు పనున్నవాణ్ణి నిలబెట్టటం అంటే ఇదే.

దీనికి మందు మనందరి బల్లలమీదా ఉండేదే. గంట. ఆఫీసరు గంట కొడితే అటెండరు వస్తాడు. కొట్టేదాకా స్టూలు మీద కూర్చుంటాడు. అంతేగాని నిమిషానికోసారి తలుపు తోసి "పిలిచారా అయ్యా?" అని అడగడు గదా. ప్రోగ్రాములలో కూడా అటువంటి గంట ఉంటుంది. దానికి కండిషన్ వేరియబుల్ అని పేరు. టోకెను వేసినవాడే గంట కొడతాడు, బోర్డు గుమాస్తా లేస్తాడు, తీసుకుని మళ్ళీ నిద్రపోతాడు. ఒక జాగ్రత్త మాత్రం ఉన్నది. గంట వినగానే జాబితాలో నిజంగా ఏమైనా ఉన్నదా అని మరోసారి చూసుకోవాలి. ఒక్కోసారి కొట్టకుండానే మెలకువ వస్తుందట. మన అటెండర్లలోనూ అటువంటివాళ్ళున్నారు.

ఆ మార్పు చేశాక నోటుబుక్కు తీశాను. 2025 ఫిబ్రవరి 9, ఆదివారం సాయంత్రం. అంకె 1. ఒక్కోసారి 2. నమ్మలేక కళ్ళజోడు తుడుచుకుని చూశాను. ఫాను ఆగిపోయిందేమోనని పెట్టె దగ్గర చెవి పెట్టాను. తిరుగుతున్నది, చప్పుడు లేదు.

ఇవన్నీ కుర్రకారు రాసే చిన్న ప్రోగ్రాములలో వచ్చే తప్పులు, పెద్దవాళ్ళకు రావనుకోకండి. నాకూ ఆ అనుమానమే వచ్చి అడిగితే మనవరాలు ఒక ఉదంతం చెప్పింది.

భూమి తిరుగుడు కాస్త మందగిస్తున్నందువల్ల, గడియారాలను దానితో కలపటానికి 1972నుంచి అప్పుడప్పుడు ఒక సెకను అదనంగా కలుపుతూ వచ్చారు. దాన్ని లీపు సెకను అంటారు. ఇప్పటికి 27 కలిపారు. 2012 జూన్ 30న ఒకటి కలిపారు. మన గడియారం ప్రకారం అది జూలై 1, ఆదివారం, తెల్లవారి ఐదున్నర. ఆ క్షణాన ప్రపంచంలో ఎన్నో లైనక్స్ సర్వర్లకు పిచ్చెక్కింది.

మన ఆఫీసుల్లో రిమైండరు డైరీ ఉండేది గుర్తున్నదా? ఫలానా కాగితం ఫలానా తేదీకి పైకి తియ్యాలి అని రాసుకునేవాళ్ళం. ఆ తేదీదాకా దాని జోలికి పోనక్కరలేదు. సర్వరులో గుమాస్తాలు కూడా అలాగే "అర సెకను తరవాత లేపు" అని కెర్నెల్‌కు చెప్పి నిద్రపోతారు. ఆ రోజు సెకను కలిపేసరికి, కెర్నెల్‌లో ఒక గడియారం సర్దుకుని, లేపే పని చూసే గడియారం సర్దుకోలేదు. రెంటికీ ఒక సెకను తేడా. దాంతో సెకనుకన్న తక్కువ గడువు పెట్టుకున్నవాళ్ళందరికీ "నీ గడువు ఎప్పుడో అయిపోయింది, లే" అని వెంటనే జవాబు. లేచి చూస్తే పని లేదు. మళ్ళీ పడుకుంటే మళ్ళీ లే. మన డైరీలో కాగితాలన్నింటికీ ఈ రోజే గడువు అని పడితే ఎలా ఉంటుంది? జావా ప్రోగ్రాములు, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు ఇలా ఉన్నచోటే గిరగిర తిరిగాయి. రెడ్డిట్, మొజిల్లా, లింక్‌డిన్ వంటి పెద్ద సంస్థలు ఇబ్బంది పడ్డాయి. ఆస్ట్రేలియాలో క్వాంటస్ విమానాలు ఆలస్యమయ్యాయి. జర్మనీలో హెట్జ్‌నర్ అనే సర్వర్ల సంస్థలో ఆ రాత్రి కరెంటు వాడకం ఒక్కసారిగా మెగావాటు దాకా పెరిగిందని ప్రకటించారు. పనేమీ పెరగకుండానే! మన యు.పి.ఎస్. కథే, కాస్త పెద్ద ఎత్తున.

దానికి కూడా కొత్త యంత్రాలు కొనలేదు. ఇప్పుడు ఎంత సమయమో అదే సమయాన్ని మళ్ళీ సరిదిద్దమని ఒక్క ఆజ్ఞ ఇస్తే గడియారాలు కలిసి అంతా సద్దుమణిగింది. తరవాత కెర్నెల్‌నే బాగుచేశారు. చివరి లీపు సెకను 2016 డిసెంబరు 31న కలిపారు. 2035 నాటికి ఈ పద్ధతికే స్వస్తి చెప్పాలని 2022లో అంతర్జాతీయ సభలో తీర్మానించారు.

ఇంకొక్క మాట. కౌంటరుకొక గుమాస్తా పద్ధతి మన ఐదింటికి సరిపోతుంది. పదివేల మంది ఒకేసారి వచ్చేచోట సరిపోదు. 1999లో డాన్ కెగెల్ అనే ఆయన ఇదే సమస్యను పేరుపెట్టి చర్చకు తెచ్చాడు. తరవాత లైనక్స్‌లో ఈపోల్ అనే ఏర్పాటు వచ్చింది. ఒకే గుమాస్తా వేలమంది తీగలను చూస్తూ, ఎవరి కబురు వస్తే వారి పని చేస్తాడు. రష్యాకు చెందిన ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎంజినెక్స్ ఆ పద్ధతిలోనే నడుస్తుంది. మనకు అంత అవసరం లేదు. మనవరాలు వివరించబోతే, ఈ జన్మకు ఇది చాలమ్మా అన్నాను.

ఇక లెక్కలు. వసూలయినది 43,000. అందులో ఖర్చు: వెనక గది గోడకు రంధ్రం కొట్టి ఎగ్జాస్టు ఫాను పెట్టినందుకు 2,850. యు.పి.ఎస్. బ్యాటరీ నాలుగు వందల శాతానికి చాకిరీ చేసి చెడిపోయింది, కొత్తదానికి 6,400. కుర్రవాడికి బట్టలు పెడదామంటే వద్దన్నాడు, భోజనం మాత్రం చేశాడు. మిగిలిన 33,750 బ్యాంకులో ఉన్నది. కార్యవర్గం తిరిగి ఇచ్చెయ్యాలని నిర్ణయించింది. మనిషికి 392 రూపాయలు వస్తుంది. మిగిలే 38 రూపాయలు సంఘం ఖాతాకు జమ.

ఈ నవంబరులో సర్వరు ఒక్కరోజు కూడా ఆపి పెట్టలేదు. నోటుబుక్కులో అత్యధిక అంకె 11. అది 26వ తేదీన, నాలుగు వందలమంది జాబితా ఒకేసారి అచ్చు తీసినప్పుడు. కరెంటు పోయి టోకెన్లు ఆగితే ఏం చెయ్యాలన్నదానికి కూడా ఇప్పుడు ఏర్పాటు ఉన్నది. ప్రతి కౌంటరులో ఒక తెల్ల కాగితాల ప్యాడు, పెన్సిలు పెట్టాం. నంబరు రాసి వేలిముద్ర గదికి పంపటమే. ఆ కుటుంబ పెన్షనరుగారు ఈసారి 4వ తేదీనే వచ్చారు. ఆవిడ నన్ను గుర్తుపట్టి, "సర్వరు ఉన్నదా బాబూ?" అని అడిగారు. ఉన్నదమ్మా, కూర్చోండి అన్నాను. ఆరు నిమిషాల్లో వెళ్ళిపోయారు.

చందా ఇచ్చినవారు రసీదు తెచ్చి కోశాధికారిగారి దగ్గర డబ్బు తీసుకోగలరు. రసీదు పోయినవారు కూడా రావచ్చు, పుస్తకంలో పేర్లున్నాయి. ఇంకా 14 మంది రావలసి ఉన్నది. వారిలో ఇద్దరు ఈ మధ్య స్వర్గస్థులయ్యారు. వారి కుటుంబ సభ్యులు సభలో ఉంటే, భోజనాల తరవాత దయచేసి నన్ను కలుసుకోవలసినదిగా మనవి.